తుంటికీలు: తప్పుల చిట్టా

మన యిండ్లలోని పెద్దవారు కూర్చుండునప్పుడును లేచునప్పుడును భగవన్నామము నుచ్చరించుట మనము చిన్ననాటి నుండియు వినుచున్నాము. అది భక్తి యని తలంచుచున్నాము. సగము భక్తియే కావచ్చును. తక్కిన సగము కీళ్లనొప్పి. ఆ నొప్పికి మన సంఘములో నొక సిద్ధమైన సమాధానము కలదు: “వయస్సు వచ్చినది గదా!” ఈ మాట చెప్పినవారికి బాధ తీఱుచున్నది, విన్నవారికి దీఱుట లేదు.

మేమును ఆ మాట చెప్పినవారమే. మా తల్లిగారికి అఱువది రెండవయేట కుడితుంటిలో నొప్పి ప్రారంభమయ్యెను. తులసికోట చుట్టును జేయు ప్రదక్షిణములు పదునొకండు నుండి మూడింటికి, మూడింటి నుండి యొక నమస్కారమునకు దిగినవి. పీటపై గూర్చుండి కూర తఱుగుట మానిరి. రాత్రివేళ ప్రక్కకు దిరుగవలసి వచ్చినపుడు మంచపుకోడు పట్టుకొని యొక నిట్టూర్పు విడుచుచుండిరి. ఆఱు సంవత్సరములు మేము దీనిని జూచుచునే యుంటిమి. పాఠశాలలో పిల్లలకు ప్రతిదానికిని హేతువు నడుగుడని బోధించు మేము ఇంటిలో హేతువు నడుగలేదు. ఈ వ్యాసమునకు మా యపరాధమే మొదటి కారణము.

తుదకు వైద్యులు కీలు మార్పవలెనని చెప్పినప్పుడు మాకు భయము కలిగెను. తెలియనిదాని యందు బుట్టిన భయము తెలిసికొనుటచేతనే పోవలయును. కావున ఈ శస్త్రచికిత్స యెట్లు పుట్టెనో, ఎవరు దీనికై పాటుపడిరో చదువ నారంభించితిమి. విజయగాథ నొకదానిని జదువబోవుచున్నా మనుకొంటిమి. చదివినకొలది గనబడినది వేఱు. ఇది తప్పుల చిట్టా. ఆ చిట్టాను దాచినవారి వలన గాక, దాచక వ్రాసి పదుగురికి జూపినవారి వలననే యీ విద్య వృద్ధి పొందెను. ఈ యొక్క సంగతినే చదువరులకు మనవి చేయదలచితిమి.

మొదట తుంటికీలు స్వరూపము తెలియవలయును. సుశ్రుతసంహిత శారీరస్థానమున శరీరసంధులను 210గా లెక్కించి, ఆకారమును బట్టి యెనిమిది విధములుగా విభజించినారు. అందు తుంటికీలు ఉలూఖలసంధి. ఉలూఖలమనగా రోలు. కటియెముకలో గిన్నెవంటి గుంట. అందు తొడయెముక యొక్క గుండ్రని తల. మన వంటయింటి రుబ్బురోటిలో పొత్రము తిరుగుట జూచినవారికి ఇంతకంటె వివరము వలదు. ఆ గ్రంథముననే, ఇరుసునకు నూనె పూసినచో చక్రము సుఖముగా దిరిగినట్లు శ్లేష్మముచే దడిసిన కీళ్లు సుఖముగా నాడునను భావముగల యుపమానము కలదు. ఈ నూనె సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. మరల దీనితో బని కలదు.

ఋగ్వేదమున విశ్పల యను నామెకు యుద్ధములో కాలు తెగగా అశ్వినీదేవతలు లోహపుకాలు నమర్చిరని యున్నది. ఇట్టివి చదివినప్పుడు మనలో గొందఱు, అన్నియు మనవారికి దెలిసినవే యని తృప్తి చెందుదురు. రోటి నెఱిగినవాడు రోటిని మార్చినవాడు కాడు. పూర్వులు చక్కగా జూచిరి, చూచినంతవఱకు జెప్పిరి. వారి గౌరవమున కది చాలును. చేయని పనిని వారికి గట్టబెట్టుట వారికి గౌరవమును గాదు, చేసినవారికి న్యాయమును గాదు.

ఎముకల మొనలపై మృదులాస్థి యను నున్నని పూత కలదు. అందు నెత్తురునాళములు లేవు, నరములును లేవు. కావున అది యరుగుట యారంభించినప్పుడు మనకు దెలియదు. అరిగిన పిమ్మట మునుపటివలె బెరుగదు. పూత పోయి యెముకతో నెముక రాయునప్పుడు నడక శిక్ష యగును. వయస్సు వలన, దెబ్బల వలన, సంధివాతము వలన, క్షయ మొదలగు వ్యాధుల వలన ఈ దుస్థితి కలుగుచుండును.

దీనిని శస్త్రముచే జక్కబఱుపవచ్చునన్న యాలోచన మిక్కిలి ప్రాచీనము కాదు. 1826వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జాన్ రే బార్టన్ అను వైద్యుడు తుంటి బిగిసిపోయిన యొక నావికునికి తొడయెముకను గోసి, కదలికకు వీలగునట్లు కల్పితమైన కీలు నొకదానిని జేసెను. ఈథరు మత్తు బోస్టనులో వెల్లడియగుటకు (1846) ఇంక నిరువది యేండ్లున్నవి. కావున శస్త్రము ఏడు నిమిషములలో ముగించెను. ఆ నావికుడు నడచెను. కాని కొన్ని సంవత్సరములకు ఆ కీలు మరల బిగిసికొనెను. తరువాత మత్తుమందు నొప్పిని, 1867లో లిస్టరు ప్రకటించిన క్రిమినిరోధక పద్ధతి చీమును దగ్గించినందున వైద్యులకు ధైర్యము హెచ్చెను. అరిగిన యెముకల నడుమ నేదైన పొరను బెట్టిన రాపిడి తగ్గునని రోగి కండరముల మీది పొరను, కొవ్వును, చర్మమును బెట్టి చూచిరి. బాల్టిమోరులో బేయరు అను వైద్యుడు పంది మూత్రాశయపు పొరను గూడ బెట్టెను.

ఎముకను సవరించుట గాక, కీలునే క్రొత్తదానిగా జేసి పెట్టినవాడు థెమిస్టోక్లీస్ గ్లుక్. ఇతడు 1853లో నేటి రుమేనియా దేశములోని యాసీ పట్టణమున బుట్టి బెర్లిను నగరమున వైద్యుడయ్యెను. 1890లో ఏనుగుదంతముతో మోకాలికీలు చేయించి యొక బాలికకు నమర్చెను. చెట్టుబంకతో జేసిన రజనము, ప్యూమిసురాతి పొడి, ప్లాస్టరు కలిపి దానిని యెముకలో నిలుపుటకు లేపనము చేసెను. పిమ్మట నిట్టివి మఱికొన్ని చేసెను. మొదట నన్నియు బాగుగా నున్నట్లు కనబడెను. కాని యాతని రోగుల కీళ్లను జెఱచినది క్షయ. క్షయ తినుచున్న యెముకలో దంతము నిలుచునా? చీము పట్టి యవి విఫలమయ్యెను. చీము గల కీళ్లలో నిట్టిది చేయరాదని గ్లుక్ తానే యొప్పుకొని ప్రకటించెను. కాని బెర్లినులో శస్త్రవైద్యులకు బెద్ద యగు ఫాన్ బెర్గ్‌మన్ ఈ ప్రయత్నమునే వ్యతిరేకించెను. గ్లుక్ విషయము మఱుగున బడెను. ఇందు మనము గమనింపవలసిన దొకటి కలదు. ఒకడు తన తప్పు నొప్పుకొనగా, ఆ యొప్పుకోలు నుండి నేర్చుకొనుటకు మాఱుగా ఆతని నోరు మూయించినచో విద్య యొక తరము వెనుకబడును. దంతమునకు లోహమును, బంకకు మేలైన లేపనమును దొరకుటకు మఱి డెబ్బది సంవత్సరములు పట్టెను.

నడుమ గాలమున జరిగినవానిని సంగ్రహముగా జెప్పెదము. నార్వేదేశమున బుట్టి బోస్టనులో వైద్యము చేయుచున్న స్మిత్-పీటర్సన్, 1923లో నొక రోగి వీపునుండి గాజుముక్కను దీయుచు, దాని చుట్టును నున్నని పలుచని పొర యేర్పడి యుండుట చూచెను. కీలు చుట్టు నుండు పొర యట్టిదే. అంత నతడు తొడయెముక తలపై గాజుటోపీ నమర్చెను. గాజు పగిలెను. మఱికొన్ని పదార్థములు చూచెను; అవియు నిలువలేదు. 1938లో తన దంతవైద్యుడు సూచింపగా, పండ్లపనిలో వాడు వైటాలియ మను కోబాల్టు-క్రోమియము మిశ్రలోహమును దీసికొనెను. అది నిలిచెను. ఆ యేడే లండనులో ఫిలిప్ వైల్స్ గుండును, గిన్నెయు రెండును స్టెయిన్‌లెస్ స్టీలుతో జేసి యాఱుగురు రోగులకు బెట్టెను. తుంటికీలును సమగ్రముగా మార్చుట కిది మొదలు. కాని ఆ రోగుల పత్రములును, ఎక్సురే చిత్రములును యుద్ధములో నశించెను. పని జరిగినది, లెక్క మిగులలేదు. కావున దానివలన లోకము నేర్చుకొన్నది స్వల్పము. 1946లో పారిసులో జూడే సోదరులు యాక్రిలిక్ ప్లాస్టిక్కుతో గుండును జేసి పెట్టిరి. అది వేలమందికి బెట్టబడెను. త్వరలోనే వదులై, అరిగి, విఱుగ నారంభించెను. ఇంగ్లాండులోని నారిచి పట్టణమున మెక్కీ యను నాయన లోహపుగుండును లోహపుగిన్నెలో నాడించుచుండెను.

ఇట్టి స్థితిలో జాన్ చార్న్లీ వచ్చెను. ఇతడు 1911లో లంకాషైరు మండలమున బరీ పట్టణమున జన్మించెను. తండ్రికి మందుల యంగడి, తల్లి నర్సు. మాంచెస్టరులో వైద్యము చదివి, యుద్ధకాలమున సైన్యమున బని చేసి, ఎముకల వైద్యుడయ్యెను. ఇంటిలో లేతుయంత్రము పెట్టుకొని తన చేతులతో పనిముట్లు చేసికొనుట యాతనికి బ్రీతి. మన దేశమున చదువుకొన్నవాడు సుత్తి పట్టుట తక్కువతనమని తలంచు నలవాటు నేటికిని బూర్తిగా బోలేదు. ఈ వైద్యుని చరిత్రలో సగము లేతు దగ్గఱ జరిగినదని మన విద్యార్థులు గుర్తింపవలయును.

ఒకనాడు జూడే గుండు పెట్టబడిన రోగి యొకడు చార్న్లీ యొద్దకు వచ్చెను. అతడు కదలినపుడెల్ల తుంటి కిఱ్ఱుమనుచుండెనట. ఆ చప్పుడు భరింపలేక యాతని భార్య యా గది విడిచి పోవుచుండెనట. విన్నవారు నవ్వుదురు. చార్న్లీ నవ్వి యూరకుండలేదు. చప్పుడున్నచోట రాపిడి యున్నది. రాపిడి యున్నచోట గుండు తన యాధారమును మెలిపెట్టి వదులు చేయుచున్నది. కీళ్లు ఏల జాఱుచున్నవి? ఇది యాతని ప్రశ్న. కోసి తీసివేసిన కాలి కీళ్లను దెచ్చి యంత్రముపై గొలిచి చూచెను. సహజమగు కీలు మంచుగడ్డపై మంచుగడ్డ జాఱుటకంటెను సులభముగా జాఱుచుండెను. అందలి ద్రవము గొప్పదే. కాని యది మృదులాస్థిపై బని చేయునట్లు లోహముపైని, యాక్రిలిక్కుపైని బని చేయదని యాతడు నిశ్చయించెను. ఇరుసునకు నూనె యను మన ప్రాచీనోపమానము సగము నిజము. తక్కిన సగము ఇరుసు దేనితో జేయబడినదను దానిలో నున్నది. కావున నూనె యక్కఱలేకయే జాఱు పదార్థమును వెదకవలసి వచ్చెను.

అతనికి విగన్ పట్టణమునకు జేరువనున్న రైటింగ్టన్ వైద్యశాల పనిచోటయ్యెను. అది మునుపు క్షయరోగుల యారోగ్యశాల. స్ట్రెప్టోమైసిను వంటి మందులు వచ్చి క్షయ తగ్గుటచే మంచములు ఖాళీ యగుచుండెను. గ్లుక్ ప్రయత్నమును జెఱచిన వ్యాధి వెనుదీయగా, ఖాళీయైన యా చోటనే యాతని యాశయము నెఱవేఱుట చరిత్రలోని చిత్రము.

చార్న్లీ మొదట నెన్నుకొనిన పదార్థము టెఫ్లాను. నేడు మన యంటుకొనని దోసెపెనములపై నుండునది. ఘనపదార్థములలో దానికంటె జాఱునవి యరుదు. స్టీలుగుండు, టెఫ్లానుగిన్నె. గుండును యెముకలో నిలుపుటకు మాంచెస్టరులోని డెన్నిస్ స్మిత్ సలహాపై దంతవైద్యులు వాడు యాక్రిలిక్ సిమెంటును దీసికొనెను. తుంటికి దంతవైద్యము రెండవసారి సాయము వచ్చెను. ఈ సిమెంటు నతడు జిగురుగా గాక తాపీపనివాడు రాళ్ల నడుమ నింపు గచ్చువలె వాడెను. భార మొకచోట బడక యెముక యంతట బఱచుకొనుట దాని యుద్దేశము. సహజమగు గుండు అడ్డుకొలత రెండంగుళములకు గొంచెము తక్కువ. తక్కినవారు దాని కొలతనే యనుకరించుచుండ, ఇతడు క్రమముగా దానిని 22 మిల్లీమీటర్లకు దగ్గించెను. గుండు చిన్నదైనకొలది గిన్నెను మెలిపెట్టు బలము తగ్గును గదా! ఇది ప్రకృతి ననుకరించుట కాదు; ప్రకృతి చేయుదాని ప్రయోజనమును గ్రహించుట.

ఫలితము లాశ్చర్యకరములు. ఏండ్ల తరబడి కుర్చీలకు బంధింపబడినవారు నడచిరి. రాత్రులు నిద్రించిరి. 1961లో లాన్సెట్ పత్రికలో నతడు తన పద్ధతిని బ్రకటించెను. సుమారు 300 మందికి టెఫ్లాను గిన్నెలు పెట్టబడినవి. ఇక్కడ కథ ముగించినచో విజయగాథ యయ్యెడిది.

రెండు మూడేండ్లలో ఎక్సురే చిత్రములలో గుండు గిన్నెలోనికి దిగిపోవుచున్నట్లు కనబడెను. టెఫ్లాను అరుగుచున్నది. అరిగిన పొడి చుట్టు నున్న మాంసమును రేపి, జున్నువంటి ముద్దలుగా జేసి, యెముకను దినుచున్నది. నొప్పి మరల వచ్చినది. తన్ను దైవముగా భావించిన రోగు లొక్కొక్కరే తిరిగి వచ్చుచుండిరి.

ఇప్పుడు మనుష్యునికి మూడు దారులున్నవి. రోగిదే తప్పనుట యొకటి. మాటుమణుగ నిచ్చుట యొకటి. లెక్క తెఱచి చూచుట యొకటి. చార్న్లీ మూడవదాని నెన్నుకొనెను. చెడిన కీళ్లను తానే మరల శస్త్రము చేసి తీసెను. తీసినవానిని పాఱవేయక కొలిచి యుంచెను. టెఫ్లాను పొడి నిజముగా మాంసమును రేపుచున్నదా యని తెలియుటకు దానిని తన తొడలోనే పెట్టుకొని కొన్ని నెలలు చూచెను. అచ్చట గడ్డ లేర్పడినవి. ఆ సంగతిని 1963లో లాన్సెట్ పత్రికలోనే ప్రకటించెను. విజయమును ప్రకటించిన పత్రికలోనే యపజయమును గూడ బ్రకటించుట! మన పండితులలో, నాయకులలో, వైద్యులలో, మాబోటి యుపాధ్యాయులలో ఎందఱము ఈ పని చేసితిమి? పరీక్షలో దప్పిన బాలుని మందమతి యందుము గాని, మా బోధన తప్పెనని వ్రాసికొన్న పుస్తకము మా యొద్ద నొకటైనను లేదు.

రెండవ పదార్థము దొరకిన విధము వినదగినది. 1962 మే నెలలో నొక వర్తక ప్రతినిధి ఒక ప్లాస్టిక్కు ముక్కను బట్టుకొని రైటింగ్టనునకు వచ్చెను. అది లంకాషైరు నేతమిల్లుల మగ్గములలో పండ్లచక్రములు చేయుటకు వాడు పాలిఎథిలీను. చార్న్లీ దానిని గోటితో గీచి చూచి, పనికిరాదని తలంచెను. కాని యాతని కార్ఖానాలో బని చేయు హ్యారీ క్రేవెన్ అను యువకుడు, వైద్యుడు డెన్మార్కునకు బోయిన కాలమున దానిని అరుగుదల యంత్రముపై నెక్కించెను. యంత్రము రాత్రింబవళ్లు తిరిగెను. టెఫ్లాను ఒక్కదినమున అరుగునంత యైనను అది మూడువారములలో నరుగలేదు. తిరిగివచ్చిన చార్న్లీ చూచి, తన యభిప్రాయము తప్పని యొప్పుకొనెను. ఆ సంవత్సరము నవంబరులో దానితో జేసిన మొదటి గిన్నెను రోగికి బెట్టెను. నేత మగ్గపు చక్రము మనుష్యుని తుంటిలో జేరెను. కార్ఖానాలోని పనివాడు పెద్దవైద్యుని మాట కెదురుగా పరీక్ష చేయగలుగుటయు, పెద్దవైద్యుడు దాని కలుగకుండుటయు లేకున్నచో ఈ శుభము మఱి యెప్పుడు కలిగెడిదో!

ఈసారి చార్న్లీ తొందరపడలేదు. ఈ కీలును అమ్ముటకు చాలకాలము ఒప్పుకొనలేదు. పిమ్మటను, తన యొద్దకు వచ్చి పద్ధతి నేర్చుకొన్న వైద్యులకే యీయవలెనని నియమము పెట్టెను. తొలినాళ్లలో నూటికేడుగురికి పైగా చీము పట్టుచుండెను. దాని కారణము గాలిలోని క్రిము లని భావించి, శస్త్రము చేయు చోటును గాజుగదివలె మూసి, వడగట్టిన గాలిని బంపించెను; వైద్యులు విడుచు శ్వాసను గూడ గొట్టములద్వారా బయటికి లాగించెను. 1970 నాటికి చీము నూటి కొకరికి మించకుండ దగ్గెను. ఇంకొక పని చేసెను. మరణానంతరము తమ తుంటిని పరీక్షకు తిరిగి యీయవలసినదని రోగులను గోరెను. లంకాషైరులోని ముసలివారు పలువురు సంతోషముగా నొప్పుకొనిరి. ఆ విధముగా నెన్నియో కీళ్లు రైటింగ్టనునకు మరలి వచ్చెను. అవి పదేండ్లలో నెంత యరిగినవో, యిరువదేండ్లలో నెంత యరిగినవో తెలిసెను. 1977లో ఆయనకు సర్ బిరుదము లభించెను, 1982లో మరణించెను. 2007లో లాన్సెట్ పత్రిక ఈ శస్త్రమును శతాబ్దపు శస్త్రచికిత్సగా బేర్కొన్నది.

మనకు సమీపముననే జరిగిన యొక ప్రయత్నమును దలంపకుండుట న్యాయము కాదు. బర్మాలోని మాండలే వైద్యశాలలో సాన్ బా అను వైద్యుడు 1960 మొదలు, తొడయెముక మెడ విఱిగి యతుకనివారికి ఏనుగుదంతముతో గుండు చేయించి పెట్టుచుండెను. విదేశపు లోహము ఖరీదైనది. ఆ దేశమున ఏనుగులు సమృద్ధి. గ్లుక్ విడిచిన దంతము క్షయలేని యెముకలో నిలిచెను. ఆతని రోగులు నడచుటయే గాక గొంతుకూర్చుండగలిగిరి. 1969లో నతడు తన ఫలితములను బ్రిటిషు ఎముకల వైద్యుల సభలో జదివెను. ఉన్నదానితో బని చేసి, చేసినదానిని లెక్కగట్టి, లోకము ముందుంచుటకు ధనికదేశమే కావలయునను నియమము లేదు.

మోకాలి చరిత్ర తుంటి చరిత్రకు దమ్ముడు. రైటింగ్టనులోనే ఫ్రాంక్ గన్‌స్టన్ అను కెనడా వైద్యుడు 1968లో లోహమును, పాలిఎథిలీనును గూర్చి మోకాలికీలు చేసెను. న్యూయార్కులో ఇన్సాల్ మొదలగువారు 1974 నాటికి దానిని నేటి రూపమునకు దెచ్చిరి. మన దేశమున మోకాళ్లే యెక్కువగా మార్చుచున్నారు. అందు స్త్రీలే మిక్కిలి.

ఒక వైద్యుడు తన లెక్క తాను వ్రాసికొనుట గొప్ప. దేశమంతయు వ్రాసికొనుట యంతకంటె గొప్ప. స్వీడను దేశము 1975లో మోకాళ్లకును, 1979లో తుంట్లకును దేశవ్యాప్తమగు పట్టిక ప్రారంభించెను. ఏ కీలు, ఎవరికి, ఎప్పుడు పెట్టిరి, ఎప్పుడు మార్చవలసి వచ్చెను, ఇంతే యందుండును. ఇంతే యెంత మేలు చేసినదో యొక యుదాహరణము. ఈ శతాబ్దారంభమున డిప్యూ కంపెనీవారు లోహముపై లోహమాడు ఏ.ఎస్.ఆర్. అను తుంటికీలును విక్రయించిరి. పెద్ద గుండు, చక్కని కదలిక, గొప్ప ప్రకటనలు. ఆస్ట్రేలియా దేశపు పట్టికలో ఆ కీళ్లు మితిమీఱి విఫలమగుచున్నట్లు కనబడెను. రెండు లోహములు రాచుకొని కోబాల్టు, క్రోమియము రోగుల నెత్తుటిలో గలియుచుండెను. 2009 తుదిని ఆస్ట్రేలియాలోను, 2010 ఆగస్టులో లోకమంతటను దానిని వెనుకకు దీసికొనిరి. అప్పటికే ప్రపంచమున 90,000కు పైగా జనులకు బెట్టబడినది. మన దేశములోను వేలమందికి బెట్టిరి. చార్న్లీ 300 మందితో నేర్చుకొని యాగిన పాఠమును మఱచుటకు లోకము చెల్లించిన వెల యిది.

మన దేశమున శస్త్రవైద్యుల సంఘమువారు నడుపు పట్టిక కలదు. కాని యందు వ్రాయుట వైద్యుని యిష్టమునకు వదలబడినది. ధర విషయమున మాత్రము ప్రభుత్వము పూనుకొన్నది. 2017 ఆగస్టులో మోకాలికీళ్ల ధరలకు పరిమితి విధించి, సగటున లక్షన్నరకు పైగా బలుకుచుండిన సాధారణ కోబాల్టు-క్రోమియము కీలును పన్ను గాక 54,720 రూపాయలకు దింపెను. ధరకు లెక్క అడుగగలిగిన ప్రజలము ఫలితమునకు లెక్క యేల యడుగరాదు?

ఈ చరిత్ర చదివిన పిమ్మట మేము అడుగ నారంభించితిమి. ఒక పట్టణమున నొక వైద్యశాల గోడపై ‘నూటికి నూరుపాళ్లు విజయము’ అని వ్రాసి యుండెను. మీరు చేసినవారిలో నెందఱికి మరల చేయవలసి వచ్చినదని మేమడుగగా, శుభమా యని వచ్చి యట్టి ప్రశ్నలేల యని సమాధానము వచ్చెను. మఱియొకచోట నొక వైద్యుడు బల్లసొరుగులోని పుస్తకము తీసి, తాను చేసినవెన్ని, చీము పట్టినవెన్ని, గుండు తప్పుకొన్నవెన్ని చదివి చెప్పెను. వ్యాయామముచేతను, బరువు తగ్గించుటచేతను గుణమగువారికి దాను శస్త్రము చేయనని చెప్పెను. నేలపై గూర్చుండుట, క్రింది మరుగుదొడ్డి వాడుట ఇకమీద మానవలసి యుండునని, నెత్తురు గడ్డకట్టు నపాయము కలదని దాచక చెప్పెను. నూరుపాళ్లవానిని విడిచి, తప్పులు చదివినవాని యొద్దనే మా తల్లిగారిని జేర్చితిమి.

శస్త్రమునకు ముందటి రాత్రి ఆమె, ఇది యెన్నాళ్లుండునని యడిగిరి. ఆస్ట్రేలియా, ఫిన్లండు దేశముల పట్టికలను బట్టి 2019లో వైద్యులు కట్టిన లెక్క మాకు దెలియును. నూఱు తుంటికీళ్లలో నించుమించు 58 ఇరువదియైదేండ్లు నిలుచునట, మోకాళ్లలో 82. ఆ మాట చెప్పితిమి. “అయితే అది నాకంటే గట్టిదే, నాయనా” అని నవ్విరి. ఆ నవ్వు చూచి, లంకాషైరు ముసలివారు చచ్చిన పిమ్మట కీళ్లు తిరిగి యిచ్చిన కథ చెప్పితిమి. కొంతసేపు మాటాడలేదు. “మన దగ్గర ఎవరూ అడగరా?” అనిరి. అడుగరని చెప్పితిమి.

నేడామె లేచునప్పుడు భగవన్నామము నుచ్చరించుట మానలేదు; ఇప్పుడది పూర్తిగా భక్తియే. ప్రదక్షిణములు మరల పదునొకండు. మొన్న నొకనాడు ప్రదక్షిణము ముగించి, మమ్ము బిలిచి, మెల్లగా నిట్లనిరి: “అస్థిసంచయనం నాడు ఆ ఇనుపముక్క మీకు దొరుకుతుంది. గోదావరిలో కలపకండి. ఆ డాక్టరుగారికి ఇవ్వండి. ఎంత అరిగిందో రాసుకుంటాడు.” చితిలో ప్లాస్టిక్కు గిన్నె మిగులదనియు, మిగిలిన లోహమువలన దెలియున దల్పమనియు మేము చెప్పలేకపోతిమి. బడి మొగ మెఱుగని యామె, మేము గ్రంథములలో వెదకి తెలిసికొన్నదానిని మాకంటె బాగుగా దెలిసికొనిరి. ఆమె యడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు మన వైద్యులును, మన ప్రభుత్వములును, అడుగుట మానివేసిన మనమును.